గవరమ్మ ఓడే కొలువు

ఆ రోజు సూరపరాజుగారికి పనేమీ లేదు. పని లేని రోజున రాజులకు ఆలోచనలు వస్తాయి. రావడం వాళ్ళకి, తిప్పలు మిగతావాళ్ళకి.

అంతకు ముందు రోజు కోటకు భోజనానికొచ్చిన దొర ఒకాయన ఓ మాట అని పోయాడు. వాళ్ళ దేశంలో జనం పొద్దస్తమానం ఒకటే వాదించుకుంటారట, ఆడవాళ్ళలో ఇంతవరకూ పుట్టిన టెన్నిస్ ఆటగత్తెలందరిలోకీ మిన్న ఎవరా అని.

"ఆ వాదన మన కోటలో ఎందుకు లేదు?" అన్నారు రాజుగారు సభలో. "ఇవాళే తేల్చండి. ఇక్కడ బ్యాటు పట్టిన ఆడవాళ్ళలో అందరికంటే గొప్ప ఎవరు?"

సభంతా పైకప్పు వంక చూసింది. లెక్కలోకి వచ్చే ఆడవాళ్ళు ఇద్దరే మరి. ఒకరు రాజుగారి తల్లి జానకయ్యమ్మగారు, రెండోవారు రాజుగారి భార్య చంద్రావతిగారు. ఇద్దరూ జన్మలో ఒక్క ఆటా ఓడలేదు. అత్తాకోడళ్ళు ఒకరికెదురొకరు ఆడటం కోట మర్యాద కాదు. ఇద్దరూ తెర వెనకే కూర్చుని ఉన్నారు.

అప్పుడు లేచాడు విస్సావధాని. టెన్నిస్ శాస్త్రంలో తనంతటివాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. బంతి గుండ్రంగా ఎందుకుండాలో మూడు గంటలు చెప్పగలడు. బ్యాటు మాత్రం ముట్టుకోడు. దాని తీగలు జంతువుల పేగులట, మడికి పనికిరావట.

"ప్రభూ, ఇద్దరి ఆటా తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. గవరమ్మ. ఆమెనే చెప్పమనండి" అన్నాడు.

ఈ గవరమ్మ కోటలో ఓడిపోయే ఉద్యోగం చేస్తుంది. పొద్దున అత్తగారి చేతిలో ఓడుతుంది, సాయంత్రం కోడలుగారి చేతిలో ఓడుతుంది. అందుకుగాను జీతం, కోట వెనక ఒక గది, దసరాకి చీర. ఆమె తల్లి కూడా ఇదే కోటలో ఓడి ఓడి పోయింది. ఆ గది అవధానిగారి మేనకోడలికి చాలా నచ్చిందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నేనెవరికీ చెప్పలేదు.

గవరమ్మను పిలిపించారు.

"ఒక్క పేరు చెప్పు. ఇద్దరూ సమానమే అంటే ఊరుకోను. చెప్పలేకపోతే పొద్దుగూకేలోగా గది ఖాళీ చెయ్యి" అన్నారు రాజుగారు.

అవధాని మీసం లేని మూతిని నిమురుకున్నాడు. తెర వెనక రెండు జతల గాజులు గలగలమన్నాయి. అత్తగారి పేరు చెబితే కోడలు వెళ్ళగొడుతుంది, కోడలి పేరు చెబితే అత్త వెళ్ళగొడుతుంది, నోరు మూసుకుంటే రాజుగారే వెళ్ళగొడతారు.

గవరమ్మ చేతులు కట్టుకుంది.

"ప్రభువులకు తెలియనిదేముంది? ఇద్దరి ఉప్పూ తిన్నదాన్ని, నా మాట ఎవరు నమ్ముతారు? పైగా పొద్దున ఆడేటప్పుడు ఒంట్లో ఓపికుంటుంది, సాయంత్రానికి ఉండదు. నా చేత తూకం వేయిస్తే అన్యాయం. ఆటంతా తెలిసి, ఇద్దరితోనూ ఎన్నడూ ఆడని పెద్దమనిషి కావాలి."

"అలాంటివాడు ఎవడున్నాడు?"

"అవధానిగారు ఇక్కడే ఉన్నారు కదండీ."

సభకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"నేనా? మడి…" అన్నాడు అవధాని.

"తర్వాత స్నానం చేద్దురుగాని. ఇద్దరితోనూ ఆడండి. ఎవరి చేతిలో ఎక్కువ చిత్తయితే వాళ్ళే గొప్ప" అన్నారు రాజుగారు.

కోర్టు పక్కకు వచ్చాక అవధాని గవరమ్మను చాటుగా పట్టుకున్నాడు.

"అమ్మా గవరమ్మా, ఎవరి చేతిలో ఎక్కువ ఓడినా రెండోవారు నన్ను బతకనివ్వరే! ఎలా ఓడతావు నువ్వు?"

"అదెంత భాగ్యం బాబూ. మీరు శాస్త్రం చదివారుగా."

పంచె ఎగ్గట్టి దిగాడు. ముందు జానకయ్యమ్మగారు. ఆవిడ బంతి వేశారు. అవధాని బ్యాటు ఊపాడు. బంతి ఒకవైపు, ఆయన ఒకవైపు. తను వేయాల్సిన బంతి ఒక్కటీ వల దాకా పోలేదు, ఒకటి మాత్రం వెనక్కి వెళ్ళి దివానుగారి తలపాగాను పడగొట్టింది. ఆట మొదలైందని జనం అనుకునేలోపే అయిపోయింది. తర్వాత చంద్రావతిగారితోనూ అంతే. ఒక్క బంతి తగిలితే ఒట్టు.

రాజుగారు తల పట్టుకున్నారు. "ఇద్దరూ ఒకేలా గెలిస్తే ఎలా తేల్చను? ఏం గవరమ్మా, ఏమంటావు?"

గవరమ్మ వగరుస్తున్న అవధాని వైపు జాలిగా చూసింది.

"అయ్యవారికి గెలవడం రాదని అందరికీ తెలుసు ప్రభూ. ఓడటం కూడా రాదని ఇవాళే తెలిసింది."

కోర్టంతా గొల్లున నవ్వింది. జానకయ్యమ్మగారు మాత్రం బ్యాటు విసిరికొట్టారు.

"ఇదీ ఒక ఆటేనా? చెమటన్నా పట్టలేదు. అదే గవరమ్మయితే నేనెక్కడ నిలబడితే అక్కడికి బంతి పంపుతుంది. ఇక ఓడిపోతాననిపిస్తుంది, తీరా చూస్తే గెలుస్తాను!"

"నిజమే అత్తయ్యగారూ," అన్నారు చంద్రావతిగారు. "గవరమ్మతో ఆడితేనే అది ఆట."

రాజుగారు కుర్చీలోంచి లేచారు. కోడలు కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఆయన చూడటం అదే మొదలు.

"ఏమన్నారు? ఇద్దరూ ఒకే పేరు చెప్పారా?"

అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్న మాట వెనక్కి రాదు. ముందు జానకయ్యమ్మగారికి నవ్వొచ్చింది, తర్వాత చంద్రావతిగారికి.

"ఒకే పేరు కావాలన్నది తమరే కదా ప్రభూ," అంది గవరమ్మ నేల చూపులు చూస్తూ.

రాజుగారు పగలబడి నవ్వారు. జన్మలో ఒక్క ఆటా గెలవని గవరమ్మకు అందరికంటే గొప్ప ఆటగత్తె అని వెండి బ్యాటు ఇప్పించారు. గదికి పక్కనే ఇంకో గది కూడా కలిపిచ్చారు. అవధానిగారి మేనకోడలు కోరుకున్నది అదేనట, రెండు గదులుంటే బాగుంటుందని.

ఆ సాయంత్రమే గవరమ్మ వెండి బ్యాటు గోడకు తగిలించి, పాత బ్యాటు పట్టుకుని వెళ్ళి, చంద్రావతిగారి చేతిలో ఓడిపోయి వచ్చింది. వెంట్రుకవాసిలో.