రాజావారి కారుకు రెండు కొత్త టైర్లు

అనగనగా మంచుగిరి అని ఒక కొండ సంస్థానం. సంస్థానానికి ఒక రాజావారు, రాజావారికి ఒకే ఒక్క మోటారు కారు, ఆ కారుకు ఒకే ఒక్క డ్రైవరు. అతని పేరు గౌరునాయుడు. కారు రాకముందు ఇరవై ఏళ్ళు ఎడ్లబండి తోలినవాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఆ సంస్థానంలో ఒక వింత ఆచారం ఉండేది. కొత్తదేదైనా, మేలైనదేదైనా ముందుకే! ఊరేగింపులో కొత్త గొడుగు ముందుకి. విందులో వేడి వేడి బూరెలు ముందు బంతికి. కడబంతివాళ్ళకు బూరె దక్కితే దక్కినట్టు, లేకపోతే చారునీళ్ళే గతి. ఇదేమని అడిగితే, "తాతల నాటి మర్యాద" అనేవారు. ఆ తాతలు ఏ బంతిలో కూర్చున్నారో వేరే చెప్పాలా?

ఆ ఏడు రాజావారి కూతురు పురిటికొచ్చి పండంటి ఆడపిల్లను కన్నది. ఐదో నెలలో తల్లీబిడ్డలను అత్తవారింటికి పంపాలని ముహూర్తం పెట్టారు. చూస్తే నడి వానాకాలం. దారి చూస్తే కొండ దారి, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. కారు టైర్లు చూస్తే నాలుగూ అరిగి బోడిగుండ్లు! పట్నానికి కబురు పెడితే రెండంటే రెండే కొత్త టైర్లు వచ్చాయి.

మరి ఆ రెండూ ఎక్కడ వేయాలి? ముందు ఇరుసుకా, వెనక ఇరుసుకా?

"ఆలోచించేదేముంది? ముందుకే! కొత్తవి వెనక వేస్తే లోకం నవ్వదూ?" అన్నారు దివానుగారు.

"కారుకు ముఖం ముందుంది. పసుపు కుంకుమ పెట్టేది ముందే, నిమ్మకాయలు తొక్కించేది ముందు చక్రాలతోనే. కాబట్టి ముందుకే!" అన్నారు జ్యోతిష్కులు.

"దారి తిప్పేది ముందు చక్రాలు కదా, పట్టు అక్కడే ఉండాలి," అన్నాడు గుర్రపుశాల పెద్ద.

ఈ మూడో మాట గౌరునాయుడికీ కాస్త సబబుగానే తోచింది. తెలివైనవాడు కూడా పొరబడే మాట అది. అయినా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మహాప్రభో! బురదలో ఎద్దుకు ముందుకాళ్ళు జారితే మోకాళ్ళ మీద పడుతుంది. అదిలిస్తే లేస్తుంది. అదే వెనకకాళ్ళు జారాయా, కాళ్ళు చెరోవైపు చీలి కూలబడిపోతుంది. ఇక లేవదు. కారూ అంతే. కొత్తవి వెనక్కి వేయించండి."

దివానుగారు పకపకా నవ్వారు. "ఎద్దులు తోలేవాడికి కారిస్తే ఇలాగే ఉంటుంది! నీకు భయమైతే చెప్పు, ఇంకొకణ్ణి పిలిపిస్తాం."

గౌరునాయుడు వెనక్కి తగ్గలేదు. కొలువు పోతే పోయింది, మళ్ళీ ఎడ్లు తోలుకుంటాడు. కానీ ఆ ఇంకొకడు బోడి టైర్లు వెనక పెట్టుకుని పసిగుడ్డును లోయ అంచున తీసుకెళతాడే! నిన్నగాక మొన్న తన మీసం పట్టుకుని కిలకిలా నవ్విన పిల్లాయె!

"మాటలెందుకు మహాప్రభో! ఏనుగులను కడిగే మైదానం ఉంది. మూడు చుట్లు తిప్పుతాను. తమరే కళ్ళారా చూడండి," అన్నాడు.

రాజావారు సరేనన్నారు.

మొదటి చుట్టు పొడినేల మీద. కొత్తవి ముందు, పాతవి వెనక. కారు హంసలా తిరిగొచ్చింది. "చూశావటోయ్!" అని దివానుగారు మీసం దువ్వారు.

"పొడినేల మీద అందరూ పెద్దమనుషులే, బాబుగారూ," అన్నాడు గౌరునాయుడు.

రెండో చుట్టుకు మావటివాళ్ళు కడవలకొద్దీ నీళ్ళు కుమ్మరించారు. "నేనూ ఎక్కుతాను!" అంటూ దివానుగారు వెనక సీట్లో దర్జాగా కూర్చున్నారు. కారు మలుపు తిరిగింది. ముందు చక్రాలు చెప్పినట్టే విన్నాయి. వెనక చక్రాలు మాత్రం సర్రున పక్కకు జారాయి. అంతే! కారు బొంగరంలా గిర్రున తిరిగి, వచ్చిన వైపే మొహం పెట్టి ఆగింది. "ఓరి నాయనోయ్! ఆపరోయ్!" అని దివానుగారు కేకలు. తలపాగా ఎగిరి బురదలో పడింది.

"రేపు తమరు కూర్చున్న చోటే బిడ్డ ఉంటుంది, బాబుగారూ," అన్నాడు గౌరునాయుడు తలపాగా తీసిస్తూ. ఎవరూ నవ్వలేదు.

మూడో చుట్టుకు టైర్లు మార్చారు. కొత్తవి వెనక, పాతవి ముందు. మళ్ళీ కడవలతో నీళ్ళు పోశారు. ఈసారి వెనక సీట్లో రాజావారే కూర్చున్నారు. అదే మలుపు, అదే వేగం. ముందు చక్రాలు కాస్త జారాయి. అందరూ అయ్యయ్యో అన్నారు. గౌరునాయుడు కంగారుపడలేదు, యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా సడలించాడు. వేగం తగ్గింది, ముందు చక్రాలకు నేల అందింది, కారు బుద్ధిగా దారిలోకొచ్చింది.

"భళా గౌరునాయుడూ!" అన్నారు రాజావారు. మైదానమంతా చప్పట్లు!

ముహూర్తం నాడు కుండపోత వాన. కొండ దారిలో ఒక మలుపు దగ్గర ఎర్రమట్టి కొట్టుకొచ్చి దారికి అడ్డంగా పరుచుకుంది. ముందు చక్రాలు జానెడు జారాయి. వెనక చక్రాలు ఉడుంపట్టు పట్టాయి. గౌరునాయుడు కాలు సడలించాడు, కారు సర్దుకుంది. వెనక సీట్లో తల్లి ఒడిలో బిడ్డ కళ్ళయినా తెరవలేదు.

అతను క్షేమంగా తిరిగొచ్చాక రాజావారు పెద్ద విందు చేశారు. "రావయ్యా, ముందు బంతిలో నా పక్కన కూర్చో!" అన్నారు.

గౌరునాయుడు దండం పెట్టాడు. "నన్ను కడబంతిలోనే కూర్చోనివ్వండి మహాప్రభో. ఆఖరివాడి ఆకు దాకా బూరె వస్తోందో లేదో చూసేవాడొకడు ఉండాలి కదా!"

రాజావారు లేచారు. తన విస్తరి తానే తీసుకుని కడబంతికి నడిచి, గౌరునాయుడి పక్కన కూర్చున్నారు. ఆనాటి నుంచి మంచుగిరిలో బూరెలు కడబంతి నుంచే వడ్డిస్తారు.

ముందు నడిచేదానికి అందరూ మర్యాద చేస్తారు. వెనకుండి కాచేదానికి బలమిచ్చినవాడే క్షేమంగా ఇల్లు చేరతాడు.