ఎలుగుబంటి కొన్న పెద్ద ఇంజను

ఇప్పచెట్ల అడవిలో ఎలుగుబంట్లు, అడవిపందులు, దుప్పులు, కొండముచ్చులు కలిసి బతికేవి. ఎండాకాలం రాగానే అక్కడి వాగు ఎండిపోయేది. అప్పుడు జంతువులన్నీ ఇల్లులాంటి వ్యాన్లలో పరుపులు, వంట సామాను, నీళ్లు పెట్టుకుని రాళ్లబీడు దాటి అవతలి చెరువుకు వెళ్లేవి. ఆ వ్యాన్లు ఇప్పనూనెతో నడిచేవి. రాళ్లబీడులో చెట్టు నీడ లేదు, చుక్క నీరు లేదు.

ఆ ఏడు గుబురయ్య అనే ఎలుగుబంటి కొత్త వ్యాను కట్టించాడు. ఇంజను కోసం కొండముచ్చు దుకాణానికి వెళ్లాడు. అక్కడ అడవిపంది దుంపలమ్మ తన వ్యానుకు ఒక మోస్తరు ఇంజను బిగించుకుంది. సామానంతా నింపి, పిల్లలందరినీ ఎక్కించి, పక్కనున్న దిబ్బ మీదికి నడిపి చూసింది. వ్యాను మెల్లగానే అయినా పైకి చేరింది. ఆమె తృప్తిగా వెళ్లిపోయింది.

గుబురయ్యకు నవ్వొచ్చింది. పంది వాడే ఇంజను తనూ వాడితే నలుగురిలో పరువేముంటుంది అనుకున్నాడు. అన్నిటికన్నా పెద్దది కావాలన్నాడు. అది నూనె విపరీతంగా తాగుతుందని, అది వ్యానులో పట్టాలంటే నీళ్ల తొట్టి తీసేయాలని కొండముచ్చు చెప్పాడు.

భార్య నల్లమ్మ బతిమాలింది. "మనం ముగ్గురమే కదా, అంత బలం మనకెందుకు? మన పసివాడు బుజ్జిగాడు దాహానికి ఓర్చుకోలేడు. తొట్టి ఉండనివ్వు."

"పొద్దు నడినెత్తికి రాకముందే చెరువు దగ్గరుంటాం. తొట్టెడు నీళ్లు ఏం చేసుకుంటాం?" అన్నాడు గుబురయ్య.

ఒక చిన్న కుండలో నీళ్లు పెట్టుకుని బయలుదేరారు. ఇంజను గర్జిస్తుంటే దుప్పులు బెదిరి పక్కకు తప్పుకున్నాయి. గుబురయ్య ఛాతీ ఉబ్బింది. దుంపలమ్మ వ్యానును దాటేటప్పుడు కావాలనే ఇంకా వేగం పెంచాడు. బుజ్జిగాడు చప్పట్లు కొట్టాడు.

రాళ్లబీడు నడిమధ్యలో నూనె అయిపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వ్యాను రేకు పెనంలా కాలింది. కాసేపటికే కుండ ఖాళీ అయింది. బుజ్జిగాడు నీళ్లు కావాలని ఏడ్చాడు. తర్వాత ఏడవడం మానేశాడు. నల్లమ్మ వాడిని ఒళ్లో వేసుకుని కొంగుతో విసురుతూనే ఉంది. గుబురయ్య వచ్చిన దారి వైపే చూస్తూ నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా దుంపలమ్మ వ్యాను మెల్లగా వచ్చి ఆగింది. ఆమె గబగబా నీళ్లు తెచ్చి బుజ్జిగాడి నోట్లో పోసింది. ఆ నీళ్లు పెదవి చివరనుంచి జారిపోయాయి.

నల్లమ్మ ఊపిరి ఆగిన బిడ్డను ఎత్తుకుని లేచింది.

"అంత బలమైన ఇంజను కొన్నావు. నా బిడ్డకు గుక్కెడు నీళ్లు మోయలేకపోయింది," అంది.

దుంపలమ్మ నల్లమ్మతో పాటు గుబురయ్యను కూడా తన వ్యానులో ఎక్కించుకుంది. చెరువు చేరేదాకా వ్యానులో పందిపిల్లలు సైతం కదలకుండా కూర్చున్నాయి.

చెరువు గట్టున నల్లమ్మ దుంపలమ్మ పక్కనే గుడిసె వేసుకుంది. గుబురయ్యను లోపలికి రమ్మనలేదు. అతనూ అడగలేదు.

నీతి: బలాన్ని అవసరానికి తగ్గట్టు ఎంచుకోవాలి. గొప్ప కోసం ఎంచుకున్న బలానికి మనవాళ్లే మూల్యం చెల్లిస్తారు.