గలగల మానేసిన ముళ్ళపంది

కరకవాగు అడవిలో జింకలు, కుందేళ్ళు, నక్కలు, ఉడుములు, ఎలుగుబంట్లు ఉండేవి. వాగు ఒడ్డున ఎర్రమట్టి గట్టులో ఒక ముళ్ళపంది కుటుంబం బొరియ తవ్వుకుని కాపురం ఉండేది. మగ ముళ్ళపంది పేరు కంటకయ్య. అతని భార్య సూదమ్మ. ఆ వేసవిలోనే వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. దాని ముళ్ళు ఇంకా గట్టిపడలేదు. అందుకని దాన్ని పిందె అని పిలుచుకునేవారు.

ముళ్ళపందులు పొడిచే తీరు మీకు తెలుసు కదా? ఎదురుగా వెళ్ళి పొడవవు. శత్రువుకు వీపు తిప్పి, వెనక్కి పరిగెత్తి పొడుస్తాయి. వీపుకు కళ్ళుండవు. ఎవరికి గుచ్చుకుంటుందో పొడిచేవాడికి కనిపించదు.

అందుకే ఆ అడవిలో ముళ్ళపందుల పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. ముందు తోక ముళ్ళు గలగలలాడించాలి. తర్వాత కాలు నేలకేసి కొట్టి, "ఎవరది?" అని అడగాలి. అప్పటికీ వచ్చినవాడు ఆగకుండా మీదికి వస్తేనే వీపు తిప్పాలి. చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే మాట ఇది. అర్థం కానిది ఒక్క కంటకయ్యకే.

పిందె పుట్టిన నాలుగోరోజున ఒక దుమ్ములగొండి బొరియలోకి తల దూర్చింది. అప్పుడు ఇంట్లో సూదమ్మ ఒక్కతే ఉంది. ఆమె గలగలలాడించింది. కాలు కొట్టి, "ఎవరది?" అని అడిగింది. దుమ్ములగొండి పళ్ళు బయటపెట్టి ఇంకా లోపలికి వచ్చింది. వెనక పసిగుడ్డు, ముందు పళ్ళు. సూదమ్మ వీపు తిప్పి పొడిచింది. దుమ్ములగొండి వాగు దాకా పరిగెత్తి అక్కడ పడి చచ్చిపోయింది.

అడవిలో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అందరికీ పెద్దదిక్కు అయిన ముసలి ఎలుగుబంటి ఎలుగమ్మ స్వయంగా వచ్చి, "బిడ్డను కాపాడుకున్నావు తల్లీ" అని ఇప్పపూలు ఇచ్చి వెళ్ళింది. అయినా ఒక ప్రాణం తన వల్ల పోయిందని సూదమ్మ రెండురోజులు అన్నం ముట్టలేదు.

కంటకయ్య మాత్రం రెండురోజులూ అడవంతా తిరిగి ఈ కథే చెప్పాడు. చెప్పగా చెప్పగా, పొడిచింది తనేనేమో అన్నంత దాకా వెళ్ళింది కథ. "మా గడప తొక్కితే అంతే సంగతులు!" అని మీసం దువ్వుకునేవాడు.

ఇలా ఉండగా లొట్టయ్య అనే నక్క వాళ్ళింటికి అలవాటు పడ్డాడు. కంటకయ్య దాచుకున్న తీపి దుంపలంటే అతనికి మహా ఇష్టం. ఎవరూ లేనప్పుడు దూరి, ఒకటో రెండో నోట కరుచుకుని పోయేవాడు. గలగల వినిపిస్తే చాలు, దుంప అక్కడే పడేసి తోక ముడిచేవాడు. మనుషుల్లో, సారీ, నక్కల్లో అంత పిరికివాడు ఎక్కడా ఉండడు.

ఒకరోజు మధ్యాహ్నం సూదమ్మ వచ్చి చూసేసరికి కంటకయ్య వాగు బురదలో కూర్చుని తోకకు మట్టి మెత్తుకుంటున్నాడు.

"ఇదేం పనయ్యా?" అంది సూదమ్మ.

"గలగల మానేస్తున్నాను. గలగలమంటే ఆ దొంగ వెధవ పారిపోతున్నాడు."

"పారిపోవాలనే కదా గలగల!"

"పారిపోతే ఎలా పొడుస్తాం?"

"పారిపోయాక పొడవడం ఎందుకు?"

"నీకు అర్థం కాదులే."

సూదమ్మ తల బాదుకుంది. రెండు దుంపలు పోతే ఇంకో రెండు తవ్వుకోవచ్చు కదా, దానికి ఒకడి ప్రాణం తీయాలా అని అడిగింది. ఇది దుంపల సంగతి కాదు, గడప సంగతి అన్నాడతను. ఆ గడప నేనూ తొక్కుతాను, పిందె కూడా తొక్కుతుంది, చీకట్లో మమ్మల్నీ పొడుస్తావా అని అడిగింది. ఆడవాళ్ళతో వాదించలేం అని అతను ఇంకాస్త బురద తీసి తోకకు పట్టించాడు. చివరికి సూదమ్మే అతన్ని లాక్కెళ్ళి ఎలుగమ్మ ముందు నిలబెట్టింది.

"పెద్దమ్మా, మా ఇంట్లోకి వచ్చినవాణ్ణి పొడవచ్చా, కూడదా? ఒక్క మాటలో చెప్పు" అన్నాడు కంటకయ్య.

"ఒక్క మాటలో తేలేది కాదయ్యా ఇది. ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదికి వస్తే, వేరే దారి లేకపోతే, పొడవచ్చు. కానీ..."

"చూశావా! పొడవచ్చంట!" అని కంటకయ్య భార్యవైపు తిరిగాడు.

"నా మాట పూర్తి కానివ్వు. దుంప కోసం పొడవకూడదు. వెళ్ళిపోతున్నవాణ్ణి పొడవకూడదు. ఎవరో అడగకుండా అసలే పొడవకూడదు. విన్నావా?"

"విన్నాను పెద్దమ్మా. పొడవచ్చన్నావు. అది చాలు."

ఎలుగమ్మ రెండు చేతులతో తల గోక్కుంది. "ఇతనితో ఎలా వేగుతున్నావే తల్లీ?" అని సూదమ్మను అడిగింది. దారి పొడుగునా కంటకయ్య కనబడినవాళ్ళందరికీ, "పెద్దమ్మ ఒప్పుకుంది" అని చెప్పుకుంటూ వచ్చాడు.

నాలుగు రోజులు తిరగకుండానే మొదటి దెబ్బ తగిలింది. అదీ లొట్టయ్యకు కాదు, పక్కపొదలో ఉండే కుందేలు తెల్లమ్మకు. సూదమ్మ దుంపలు తవ్వడానికి వెళ్ళినప్పుడల్లా పిందెను చూసుకునేది ఆ తెల్లమ్మే. ఆరోజు కూడా సూదమ్మ బయలుదేరేముందు అందుకే వచ్చింది. గడపలో నీడ కదలగానే కంటకయ్య చప్పుడు లేకుండా వీపు తిప్పి దూకాడు. తెల్లమ్మ ఎగిరి పక్కకు పడబట్టి ప్రాణం దక్కింది. ఎడమచెవి మాత్రం చీరుకుపోయింది.

"నేనన్నా, నేను! పిల్లను చూసుకోవడానికి వచ్చాను!" అని ఏడ్చింది తెల్లమ్మ.

"వచ్చేముందు చెప్పాలి" అన్నాడు కంటకయ్య.

"పొడిచేముందు నువ్వు అడగాలి!" అని సూదమ్మ అరిచింది. ఆకుపసరు పిండి తెల్లమ్మ చెవికి కట్టు కట్టింది. చేతులు పట్టుకుని క్షమించమని వేడుకుంది. తెల్లమ్మకు సూదమ్మ మీద కోపం లేదు. కానీ మళ్ళీ ఆ గడప వైపు రాలేదు. ఆమె చెవి చూశాక అడవిలో ఇంకెవరూ రాలేదు. నీళ్ళకు వెళ్ళేవాళ్ళు కూడా చుట్టూ తిరిగి వెళ్ళసాగారు.

"చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని కంటకయ్య కాళ్ళు చాపుకున్నాడు. సూదమ్మకు అతన్ని తన్నాలనిపించింది.

తొలకరి వచ్చింది. ఒకరోజు పొద్దున కొండల మీద మబ్బు కమ్మింది కానీ ఇక్కడ ఎండగానే ఉంది. ఇంట్లో దుంపలు తక్కువయ్యాయి. గుట్ట మీద వానకు నేల మెత్తబడింది, ఇద్దరం వెళ్ళి తవ్వుకొద్దాం అన్నాడు కంటకయ్య.

"పిందె నిద్రపోతోంది. ఎవరు చూస్తారు? ఉన్న ఒక్క తెల్లమ్మనూ తరిమేశావు" అంది సూదమ్మ.

"మనింట్లోకి వచ్చే ధైర్యం ఎవరికుంది? ఎవరూ చూడక్కర్లేదు."

సూదమ్మ మనసు ఒప్పుకోలేదు. కానీ ఒక్కపూట తవ్వకపోతే పస్తే. త్వరగా వచ్చేద్దామని బయలుదేరింది.

వాళ్ళు గుట్ట మీద తవ్వుతుండగానే పైన కొండల్లో కురిసిన వాన వాగులోకి దిగింది. వాగు పొంగినప్పుడు జింకలు ఒడ్డు వెంట పరిగెత్తుతూ ప్రతి బొరియలోకీ తలపెట్టి, "నీళ్ళొస్తున్నాయి, లేవండి!" అని కేకవేయడం ఆ అడవిలో అలవాటు. ఆరోజు కూడా అన్ని ఇళ్ళకూ చెప్పాయి. కంటకయ్య ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగాయి. తల పెడితే కళ్ళు పోతాయని భయపడి, దూరం నుంచే ఒక కేక వేసి ముందుకు వెళ్ళిపోయాయి. గాఢనిద్రలో ఉన్న పసిపిల్లకు ఆ కేక ఏం వినిపిస్తుంది?

గుట్ట మీద సూదమ్మకు వాగు హోరు వినిపించింది. "పిందె!" అని అరిచి కిందికి పరిగెత్తింది. కంటకయ్య ఆమెను దాటి ముందు పరిగెత్తాడు. ఎంత మూర్ఖుడైనా బిడ్డంటే ప్రాణమే అతనికి.

సగం దూరం దిగేసరికి దారి మలుపులో లొట్టయ్య కనిపించాడు. పొట్ట దాకా తడిసిపోయి, రొప్పుతూ, గుట్ట వైపే ఎక్కి వస్తున్నాడు. నోట్లో ఏదో ఎర్రమట్టి ముద్ద ఉంది.

"దొరికాడు దొంగ!" అన్నాడు కంటకయ్య.

"ఆగయ్యా! అడుగు! ముందు అడుగు!" వెనకనుంచి సూదమ్మ గొంతు చించుకుంది.

కంటకయ్య అడగలేదు. బురద మెత్తిన తోక చప్పుడు చేయలేదు. వీపు తిప్పాడు. వెనక్కి పరిగెత్తాడు.

లొట్టయ్య చివరి క్షణంలో తలెత్తి చూశాడు. నోట్లో ఉన్నదాన్ని పక్కనున్న గడ్డిలోకి విసిరేశాడు. అంతలోనే ముళ్ళు అతని రొమ్ములో దిగబడ్డాయి.

గడ్డిలోంచి, "అమ్మా!" అని ఏడుపు వినిపించింది.

కంటకయ్య ఇటు తిరిగాడు. లొట్టయ్య నేల మీద పడి ఉన్నాడు.

"దుంప కాదయ్యా... నీ కూతురు" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. ఊపిరి ఆగిపోయింది.

సూదమ్మ పిందెను గుండెకు హత్తుకుంది. బురద తుడిచి చూసింది. ఒంటి మీద చిన్న గాటు కూడా లేదు. లేత ముళ్ళు నోట్లో గుచ్చుకుంటున్నా ఆ నక్క దాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో ఆమెకు తెలిసింది. కింద వాళ్ళ బొరియ మీదుగా ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. ఆమె అక్కడే లొట్టయ్య పక్కన కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున అడవి జంతువులన్నీ ఎలుగమ్మ బండ దగ్గర చేరాయి. లొట్టయ్య భార్య తన రెండు పిల్లలతో వచ్చి ఒక పక్కన నిలబడింది. అప్పటికైనా కంటకయ్య నోరు మూసుకున్నాడా? లేదు.

"అతను దొంగ పెద్దమ్మా! మా ఇంట్లోకి దుంపల కోసమే వచ్చుంటాడు!"

"దుంపల కోసమే వెళ్ళాడు" అంది లొట్టయ్య భార్య. "మీరిద్దరూ గుట్ట మీద ఉన్నారని చూసే వెళ్ళాడు. నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. నీళ్ళు లోపలికి వస్తుంటే దుంపలు వదిలేసి పిల్లను పట్టుకుని బయటికొచ్చాడు. నన్ను నా పిల్లల దగ్గరికి పొమ్మని సైగ చేసి, మీకోసం గుట్ట ఎక్కాడు."

"నాకేం తెలుసు?" అన్నాడు కంటకయ్య.

"అడిగితే తెలిసేది కదన్నా. గలగల వినిపిస్తే అక్కడే నిలబడిపోయేవాడు. ఆ చప్పుడంటే ఆయనకు ఎంత భయమో నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

కంటకయ్య తల దించుకున్నాడు. అయినా, "నా ఇల్లు నేను కాపాడుకోకూడదా?" అని గొణిగాడు.

ఎలుగమ్మకు ఓపిక నశించింది. "కాపాడుకోవాలయ్యా! ఎవరు వద్దన్నారు? సూదమ్మ కాపాడుకుంది. నువ్వేం కాపాడావు? నీ ఇంట్లో నీళ్ళున్నాయి. నీ బిడ్డ బయట ఉంది. ఆ నక్క నీ గడపకు దూరంగా వస్తున్నాడు. అతని నోరు నీ బిడ్డతో నిండి ఉంది, నిన్నేం చేయగలడు? చెప్పు, అప్పుడు పొడిచి ఏం కాపాడావు?"

కంటకయ్య బురద తోకను కాళ్ళ మధ్యకు ముడుచుకున్నాడు.

ఎలుగమ్మ తీర్పు చెప్పింది. తోక మీద మట్టి అప్పటికప్పుడు అందరి ముందూ కడుక్కోవాలి. లొట్టయ్య పిల్లలు పెరిగి వేటకు వెళ్ళేదాకా వాళ్ళకు రోజూ తిండి తెచ్చి పెట్టాలి. అతను ఎవరి గడప దగ్గరికీ వాళ్ళు పిలవందే వెళ్ళకూడదు. దీనికి అడవంతా ఒప్పుకుంది.

సూదమ్మకు గుట్ట మీద కొత్త బొరియ తవ్వడానికి ఉడుములు వచ్చాయి, కుందేళ్ళు వచ్చాయి. చిరిగిన చెవితో తెల్లమ్మ కూడా వచ్చింది. "నీకోసం వచ్చాను అక్కా, ఆయన కోసం కాదు" అని చెప్పి మరీ తవ్వింది. వర్షాకాలం అంతా ఆ ఇంట్లో ఎవరో ఒకరు కబుర్లు చెబుతూనే ఉండేవారు. కంటకయ్య వస్తే మాత్రం మాటలు ఆగిపోయేవి. ఒక్కొక్కరే పని ఉందంటూ లేచి వెళ్ళిపోయేవారు. పొద్దున లేచి దుంపలు తవ్వడం, లొట్టయ్య ఇంటికి దూరంగా పెట్టి రావడం, ఇదే అతని బతుకైపోయింది.

ఒక సాయంత్రం అతను అక్కడినుంచి తిరిగొచ్చి కూర్చున్నాడు. పిందె తల్లి ఒళ్ళో ఉంది. ఇప్పుడిప్పుడే మాటలన్నీ వస్తున్నాయి దానికి.

"నాన్నా, ఆ నక్క మామ దొంగ కదా?" అని అడిగింది. "మరి ఆరోజు నన్ను ఎత్తుకుని ఎక్కడికి పోతున్నాడు?"

కంటకయ్య సూదమ్మ వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అతన్ని తిట్టి తిట్టి విసిగిపోయిన సూదమ్మకు ఆ పూట తిట్టాలనిపించలేదు.

"మన దగ్గరికే తీసుకొస్తున్నాడమ్మా" అంది.

కంటకయ్య మట్టి అంటిన చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నీతి: ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదికి వచ్చి, వేరే దారి లేనప్పుడు తిరగబడటం తప్పు కాదు; ఎవరో, ఎందుకు వచ్చారో అడగకుండా, పోయిన వస్తువు కోసం ఎదుటివాడి ప్రాణం తీసేవాడు ఇంటిని కాపాడినవాడు కాడు.