మగ్గం మాట్లాడని రోజు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున నూరు మగ్గాల ఊరు. ఆ ఊళ్ళో మార్కండయ్య అనే నేతగాడు, అతని భార్య భద్రమ్మ. ఇంట్లో మనుషులు ఆ ఇద్దరే గానీ, ఇంటిని ఏలేది మాత్రం దొరసాని అనే పిల్లి.

దొరసాని బాగా బలిసిన పిల్లి. పాలు గోరువెచ్చగా లేకపోతే మూతి ముడుచుకునేది. పిలిస్తే వచ్చేది కాదు, పొమ్మంటే పోయేది కాదు. దానికి ఉన్న ఒకే ఒక మంచి గుణం, ఏ వింత చూసినా దాని సంగతేమిటో తెలుసుకునేదాకా నిద్రపట్టకపోవడం.

దొరసానితోపాటు ఆ ఇంట్లో నిదానం అనే ముసలి కుక్క, పురాణం అనే చిలుక ఉండేవి. దొంగ వచ్చి వెళ్ళిపోయాక మొరగడం నిదానానికి అలవాటు. పురాణానికి ఆ పేరెందుకు పెట్టారో చెప్పనక్కర్లేదు. పంజరం తలుపూ మూసేవారు కాదు, అదీ నోరు మూసేది కాదు.

ఒకనాడు మార్కండయ్య నూలు తడపడానికి ఏటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి నూలు బుట్టలో ఒక తెల్లని పిల్లి ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా బురద. రెండు కళ్ళూ పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి.

"ఏమండీ, నూలు తడిపి తెమ్మంటే పిల్లిని తడిపి తెచ్చారా?" అంది భద్రమ్మ.

"రెల్లు పొదల్లో చిక్కుకుని ఒకటే అరుపులే భద్రా! పాపం, చూపు లేదు. వదిలేసి రావడానికి కాళ్ళు రాలేదు" అన్నాడు మార్కండయ్య.

భద్రమ్మ మనసు కరిగింది. కానీ ఆమెకు ఒక భయం ఉంది. మగ్గం మీద ఉన్నది సామాన్యమైన చీర కాదు. సాక్షాత్తూ రాజమాత కోరి నేయించుకుంటున్న పట్టుచీర. మూడు నెలల పని. నిలువునా బిగించిన పడుగు పోగులు వెంట్రుక కంటే సన్నం.

"సరే, ఉండనివ్వండి. కానీ ఆ చీర జోలికి వచ్చిందో, నేను ఊరుకోను" అంది. ఒళ్ళు తుడిచి, పాలు పోసి, తెల్లగా ఉంది కదా అని దానికి దూది అని పేరు పెట్టింది.

దూది వచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో సాయాలు మొదలయ్యాయి.

మొదటి సాయం నిదానానిది. దూది అడుగు తీసి అడుగు వేయబోతే చాలు, ముసలి కుక్క పరుగున వచ్చి మెడ పట్టుకుని ఎత్తుకునేది. ఎండలోకి తీసుకుపోయేది, నీడలోకి తెచ్చేది. తను ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో దూదికి అంతుపట్టేది కాదు.

రెండో సాయం పురాణానిది. "కుడికి తిరుగు! నాలుగడుగులు వెయ్యి! ఇప్పుడు ఎడమకి!" అని పంజరం మీదినుంచి కేకలు వేసేది. చిలుక దూదికి ఎదురుగా కూర్చునేది. దాని కుడి దూదికి ఎడమ. దూది వెళ్ళి వెళ్ళి రాట్నానికి తల కొట్టుకునేది. "వినిపించుకోదమ్మా ఈ పిల్ల!" అని పురాణం విసుక్కునేది.

మూడో సాయం భద్రమ్మది. దూది ఎక్కడ కూర్చుంటే అక్కడికి పాలగిన్నె పట్టుకెళ్ళి ముందు పెట్టేది. నిన్న గుమ్మం దగ్గర, ఇవాళ తులసికోట దగ్గర, రేపు ఇంకోచోట. పాలు ఎక్కడుంటాయో తెలియక దూది కూర్చున్నచోటే కూర్చుని ఎదురుచూసేది.

దొరసాని మాత్రం ఏ సాయమూ చేయలేదు. దూలం మీద కూర్చుని చూస్తూ ఉండేది. దానికి జాలి కంటే ముందు వింత కలిగింది. ఎందుకంటే మధ్యాహ్నం పూట కుక్క కునుకు తీస్తుంది. చిలుక కునుకు తీస్తుంది. భద్రమ్మ కునుకు తీస్తుంది. మార్కండయ్య ఒక్కడే నేస్తూ ఉంటాడు. అప్పుడు దూది మెల్లగా లేచి, చెవులు రెండూ తిప్పి, ఎక్కడా తగలకుండా తిన్నగా కిటికీ కింద ఎండ పడేచోటికి వెళ్ళి పడుకునేది.

'ఎవరూ సాయం చేయనప్పుడే దీనికి దారి దొరుకుతోంది. ఇదేం చిత్రం!' అనుకుంది దొరసాని. కానీ దిగి అడగడానికి నామోషీ అడ్డొచ్చింది.

రోజులు గడిచాయి. దూది మధ్యాహ్నాలు మెల్లమెల్లగా ఉదయాలకూ సాయంత్రాలకూ పాకాయి. ఇల్లంతా తిరుగుతోంది. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట అంచునే నడిచి కూడా తప్పుకుపోతోంది. "పరవాలేదు, ఇల్లు అలవాటైంది" అని భద్రమ్మ సంతోషించింది.

ఇంతలో అమావాస్య వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే దూది పాలకోసం లేచి బయల్దేరింది. నాలుగడుగులు వేసింది. ఆగింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. ఇంకో రెండడుగులు వేసి మగ్గం గుంటలో దబ్బున పడింది. భయంతో పైకి ఎగబాకుతూ గోళ్ళకు అందినదల్లా పట్టుకుంది. అందింది రాజమాత చీర పడుగు. పదకొండు పోగులు తెగిపోయాయి.

భద్రమ్మ ఇల్లెగిరిపోయేలా కేకలు వేసింది. పదకొండు పోగులూ ముడివేసేసరికి మర్నాడు పొద్దు వాలింది.

రెండో అమావాస్య నాడు ఎవరి జాగ్రత్తలో వాళ్ళున్నారు. నిదానం దూదిని ఎత్తుకుని తిరిగింది. పురాణం గొంతు బొంగురు పోయేదాకా అరిచింది. ఆ హడావుడికి దూది బెదిరిపోయి, కుక్క నోట్లోంచి జారి, పట్టుదారం చుట్టిన కండెల బుట్ట మీద పడింది. కండెలు ఇల్లంతా దొర్లాయి. పట్టు చిక్కు పడింది. చిక్కు మధ్యలో దూది.

భద్రమ్మ ఈసారి కేకలు వేయలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకు మాత్రం దీని మీద ఇష్టం లేదా? కానీ ఆ చీర చెడితే ఊరంతటికీ తలవంపులు. వచ్చే అమావాస్య చూస్తాను. మళ్ళీ ఇలాగే అయితే మర్నాడు వచ్చే పత్తి బండిలో ఏటవతలి గోదాముకు పంపించేస్తాను."

మార్కండయ్య దూది చుట్టూ ఉన్న చిక్కు విప్పసాగాడు. ఏటవతలి గోదాము పెద్దది. అక్కడ రోజూ బండ్లు వస్తాయి, బస్తాలు దొర్లుతాయి. కళ్ళున్న పిల్లికే అక్కడ బతకడం కష్టం.

ఆ సాయంత్రం దొరసాని మొదటిసారి దూది కోసం దూలం దిగింది.

"ఏమే, రోజూ చక్కగా తిరిగేదానివి, ఈ రోజు ఏమొచ్చింది నీకు?"

"ఏమో అక్కా!" అంది దూది. "రోజూ ఇల్లు ఉంటుంది. ఇవాళ ఇల్లు లేదు. ఆ గుంటలో పడిన రోజు కూడా లేదు."

దొరసాని చుట్టూ చూసింది. గోడలున్నాయి. దూలాలున్నాయి. ఇల్లు లేకుండా ఎక్కడికి పోతుంది? ఆ రాత్రి దానికి నిద్రపట్టలేదు.

మర్నాడు దొరసాని ఎన్నడూ చేయని పని చేసింది. ఎవరూ చూడటం లేదని చూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నడిచింది. మూడో అడుగులో స్తంభానికి కొట్టుకుని ముక్కు పగిలింది.

"ఎవరు కొట్టారు? ఎవరు కొట్టారు?" అని పురాణం అరిచింది. దొరసాని సిగ్గుతో మీసాలు దువ్వుకుంది. కానీ పట్టు వదల్లేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని, ఈసారి నడవకుండా కూర్చుంది.

కాసేపటికి ఒక్కొక్కటే తెలిసింది. ఆ మూల గంజి వాసన. ఈ పక్క చీపురుపుల్లల వాసన. వీటన్నిటి మధ్యలో మగ్గం. దారం మోసుకుని నాడె అటూ ఇటూ పరిగెడుతూ టకా టక్, టకా టక్ అంటోంది. ఆ చప్పుడు ఎడమ చెవిలో వినిపిస్తే కిటికీ ముందున్నట్టు. కుడి చెవిలో వినిపిస్తే గుమ్మం ముందున్నట్టు. రెండు చెవుల్లోనూ మోగితే గుంట అంచున ఉన్నట్టు!

'అబ్బో, ఇంత ఇల్లుందా ఇక్కడ!' అని దొరసాని ఆశ్చర్యపోయింది. పుట్టినప్పటినుంచీ ఉన్న ఇల్లే అయినా దానికి కొత్తగా తోచింది.

సరిగ్గా అప్పుడే మార్కండయ్య అన్నానికి లేచాడు. మగ్గం ఆగింది.

దొరసాని చెవులు అటూ ఇటూ తిప్పింది. ఎటు కిటికీయో ఎటు గుంటో తెలియలేదు. దూది చెప్పినట్టే ఇల్లు లేకుండా పోయింది. గబుక్కున కళ్ళు తెరిచింది. అప్పుడు దానికి అంతా అర్థమైంది.

అమావాస్య నాడు నేతగాళ్ళు మగ్గం ముట్టరు. అది ఆ ఊరి కట్టుబాటు. ఆ రోజు మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకుంటారు. ఇల్లంతా అలుకుతారు. గంజి కుండ పెరట్లోకి పోతుంది, బుట్టలు చోటు మారతాయి. మామూలు రోజున మగ్గం కాసేపు ఆగినా దూదికి వాసనలైనా మిగులుతాయి; ఆ రోజు చప్పుడూ ఉండదు, వాసనలూ ఉండవు. పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడులోనే ఉన్న మార్కండయ్యకూ భద్రమ్మకూ అది వినిపించడం ఎప్పుడో మానేసింది. వినిపించనిది ఆగితే మాత్రం వాళ్ళకేం తెలుస్తుంది?

దొరసాని కుక్కనూ చిలుకనూ పిలిచింది.

"మూడో అమావాస్య నాడు మనం దూదిని ఎత్తుకోవద్దు, దారి చెప్పొద్దు. మన చోట మనం కదలకుండా ఉందాం. నిదానం మామా, నువ్వు గుమ్మంలో పడుకుని తోకతో నేలను కొడుతూ ఉండు. పురాణం, నువ్వు పాలగిన్నె పక్కన కూర్చుని ఒకే ఒక్క మాట అంటూ ఉండు."

"ఒక్క మాటా? రోజంతా?" చిలుక గుడ్లు తేలేసింది.

"పాలు అను చాలు. నేను గుంట దగ్గరుంటాను."

మూడో అమావాస్య వచ్చింది. భద్రమ్మ ఇల్లు అలికింది. బుట్టలు సర్దింది. పాలగిన్నె ఈసారి వంటింటి గోడవారగా పెట్టింది. అందరూ ఎవరి చోట్లకు వాళ్ళు చేరారు. దొరసాని గుంట అంచున కూర్చుని గొంతులో గురగురలాడటం మొదలుపెట్టింది.

దూది లేచింది. చెవులు తిప్పింది. గుమ్మం దగ్గర టప్, టప్. వంటింట్లో పాలు, పాలు. మధ్యలో గుర్, గుర్. దాని ముఖం విప్పారింది. గుంటను తప్పుకుని తిన్నగా వెళ్ళి పాలు తాగింది.

కానీ ఒకచోట కదలకుండా కూర్చోవడమంటే దొరసానికి మాటలా?

ముందు వీధిలో "చేపలోయ్ చేపలు! ఏటి చేపలు!" అని కేక వినిపించింది. దొరసాని నోట్లో నీళ్ళూరాయి. కదల్లేదు.

తరువాత భద్రమ్మ వచ్చి, "ఇక్కడ కూర్చున్నావేమే, అలకాలి లే!" అని ఎత్తి పెరట్లో దింపింది. దొరసాని పరుగున వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. మళ్ళీ దింపింది. మళ్ళీ వచ్చింది. భద్రమ్మ బుగ్గన చేయి పెట్టుకుని, దాని చుట్టూ అలికి వెళ్ళిపోయింది.

చివరికి ఒక ఎలుక వచ్చింది. మగ్గం ఆగిన రోజున ఎలుకలకు ధైర్యం ఎక్కువ. దూలం మీదినుంచి దిగి రాజమాత చీర వైపు నడిచింది. దొరసాని గోళ్ళు బయటికొచ్చాయి. దూకితే ఎలుక దొరుకుతుంది. కానీ ఆ క్షణానే దూది గుంట పక్కగా వస్తోంది. గురగుర ఆగితే దూది గుంటలో పడుతుంది. ఆగకపోతే చీర పోతుంది. చీర పోతే తప్పు దూదిదే అంటారు, పత్తి బండి ఎక్కిస్తారు. పాపం, దొరసాని గొంతు వణికింది.

ఆ వణుకు దూది విన్నది. ఆ గొంతునే పట్టుకుని వచ్చి దొరసాని పక్కన ఒరుసుకుని కూర్చుంది.

"ఏదో వచ్చింది కదూ అక్కా? వెళ్ళు. నేను ఇక్కడినుంచి కదలను. నువ్వున్న చోటు తెలిసింది, ఇంక నేనెక్కడున్నానో నాకు తెలుసు."

దొరసాని ఎగిరి దూకింది. ఒక్క దూకులో ఎలుక దాని నోట్లో ఉంది. చీర పోగు ఒక్కటి చెదరలేదు.

గుమ్మంలో నిలబడి భద్రమ్మ ఇదంతా చూసింది. తోక కొడుతున్న కుక్కను చూసింది. ఒక్క మాటకు కట్టుబడిన చిలుకను చూసి మరీ ఆశ్చర్యపోయింది. గుంట అంచున బొమ్మలా కూర్చున్న దూదిని చూసింది. ఎందుకో ఏమిటో తెలుసుకుందామని, తనూ కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది.

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్న భద్రమ్మకు, మగ్గం చప్పుడు లేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

"అయ్యో తల్లీ!" అంటూ వెళ్ళి దూదిని ఒళ్ళోకి తీసుకోబోయింది. మళ్ళీ ఏమనుకుందో, ఎత్తకుండా పక్కనే చతికిలబడి దాని తల నిమిరింది. "ఏమండీ, రేపు పత్తి బండి వాడొస్తే పిల్లి లేదూ ఏమీ లేదు పొమ్మనండి!"

ఆ రోజునుంచి పాలగిన్నె చోటు మారలేదు. బుట్టలు చోటు మారలేదు. అమావాస్య వస్తే భద్రమ్మ గుంట పక్కన ఒక ఇత్తడి పళ్ళెం పెట్టి, దాని పైన చిల్లి కుండ వేలాడదీసేది. నీటిబొట్లు టంగు టంగుమని రోజంతా పడేవి. దొరసానికీ చేపలు దక్కాలి కదా! ఆ రోజంతా ఒక్క మాటతో సరిపెట్టుకున్న పురాణం మాత్రం మర్నాడే రెండింతలు వాగి లెక్క సరిచేసుకుంది.

కథ కంచికి చేరింది, దూది ఎవరూ ఎత్తుకోకుండానే తన పాలగిన్నె దగ్గరికి చేరింది.

నీతి: ఒకరికి సాయం చేయాలనుకుంటే ముందు వారి చోట ఉండి లోకం ఎలా ఉందో తెలుసుకోవాలి, తెలుసుకోకుండా చేసే సాయం ఎంత ప్రేమగా చేసినా కాళ్ళకు అడ్డమే పడుతుంది.