ఎలుగు పెద్ద తిన్న తేనెపట్టు

నల్లగుట్ట అడవిలో వేటగాళ్లు వదిలిపోయిన తీగ ఉచ్చులు ఏడు వేలు. తగ్గించే చెబుతున్నా సుమా! పొదకొకటి, ఆకుకొకటి. కుందేలు తుమ్మితే చాలు, ఏదో ఒక ఉచ్చు బిగుసుకునేది. అందుకని జంతువులన్నీ సభ కట్టి, ఉచ్చులు పీకి పాడునూతిలో పడేసే పని మొదలెట్టాయి. పెద్దగా ఎలుగు గురవయ్యని నిలబెట్టాయి. గురవయ్య ఆవులిస్తే మూడూళ్ల కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి.

అడవిపంది మూతితో తవ్వేది, ఏదుపంది సూరమ్మ ఉచ్చుల్ని నేలకి బిగించిన గూటాలు కొరికేది, కోతులు తీగ మోసుకుపోయేవి. పని కొండంత, తిండి గోరంత. గుట్ట అవతలివాళ్లు సాయం చేస్తామన్నారు. అప్పుడు బండరాయెక్కి కట్టుబాట్లు చెప్పింది గురవయ్యే.

"బయటి సాయం ఏదైనా సభ ముందే పుచ్చుకోవాలి. ఎవరిస్తున్నారో, ఎందుకిస్తున్నారో అందరూ వినాలి. ఇచ్చాం కదా అని మన పనిలో వేలు పెట్టకూడదు. వచ్చింది పనివాళ్లకే పోవాలి. తప్పినవాడు నేనైనా సరే, తోలు తీయండి!"

అడవంతా ఆహా ఓహో అంది.

వారం తిరక్కుండా, మిట్టమధ్యాహ్నం వేళ గురవయ్య గుహ ముందు గుట్ట అవతలి నక్క చెంగప్ప ప్రత్యక్షం. నెత్తిన తేనెపట్టు. ఎంతదనుకున్నారు? బండి చక్రమంత. కాదు కాదు, రెండు చక్రాలంత!

"ఏంట్రా ఇది?"

"పనివాళ్లకి, మామా. ఎండన పడి మాడిపోతున్నారు పాపం."

"సభకి తీసుకురా."

"సభ ఎల్లుండి కదా! అప్పటిదాకా ఈ ఎండకి కారిపోదూ? అయినా నువ్వు వేరూ, సభ వేరూనా?"

ఆ మాటకే గురవయ్య ముక్కు గుహ దాటి తేనెలో దిగబడింది. మిగతా ఒళ్లు ఇంకా లోపలే ఉంది.

"బదులుగా ఏం కావాలిరా?"

"ఛ ఛ, నేనడుగుతానా? పైగా నేనే చాకిరీ చేస్తా. వాగుకి పోయే ఈతపొదల దారి లేదూ, అది నాకొదిలెయ్. ఉచ్చులన్నీ నేనే పీకేస్తా. మీవాళ్లు అటు రానే అక్కర్లేదు."

"సరే, సరే," అన్నాడు గురవయ్య, నోటినిండా తేనెతో.

పనివాళ్ల దాకా చుక్క తేనె రాలేదు. మైనం కూడా మిగల్లేదు.

సభనాడు దుప్పి చుక్కమ్మ లేచింది. "గురవయ్యన్నా, వాగు దారి ఎప్పటికి బాగవుతుంది? మూడు రోజులుగా నా పిల్ల ఆకుల మీది మంచు నాకి బతుకుతోంది."

"బాగయింది. రేపే తీసుకెళ్లు. పూచీ నాది!"

"నేనటు పోనేలేదే, గూటాలెవరు కొరికారు?" అంది సూరమ్మ.

"పెద్దని నేనా, నువ్వా?"

సూరమ్మ ముళ్లు ముడుచుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఈతపొదల్లోంచి కేక. దుప్పిపిల్ల ముందుకాలు ఉచ్చులో ఉంది. పక్క పొదలో చెంగప్ప మూతి నాక్కుంటూ కూర్చున్నాడు. అడవిపంది తరిమితే గుట్ట దాటి పారిపోయాడు. సూరమ్మ గూటం కొరికేసింది. పిల్ల బతికింది. కాలు మాత్రం వంకరపోయింది. ఇందులో నేను గోరంత కూడా పెంచలేదు.

గురవయ్య వచ్చి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"తాతా, దారి బాగయిందన్నావుగా?" అంది పిల్ల. కోపంగా కాదు, తెలియక అడిగింది.

"ఎవరు చెప్పారన్నా నీకు?" అంది చుక్కమ్మ.

"ఎవరూ చెప్పలేదమ్మా. నేను చూడనూలేదు." గురవయ్య గొంతు చీమ గొంతంతయింది. "నక్క దగ్గర తేనె తిన్నాను."

"ఎంత?" అంది అడవిపంది.

"మొత్తం."

చుక్కమ్మ వంగి పిల్ల కాలు నాకింది. అరిచినా బాగుండు అనుకున్నాడు గురవయ్య.

"నా తోలు తీయండి," అన్నాడు.

"నీ తోలు ఎవడికి కావాలి?" అంది సూరమ్మ. "ఈ దారిలో ఇంకెన్ని ఉచ్చులున్నాయో చెప్పు."

"తెలీదు."

"ఐతే ముందు నువ్వు నడువు."

నడిచాడు. వాగు చేరేలోపు మూడు తీగలు కాలు కొరికాయి. మూడుసార్లూ సూరమ్మే గూటం కొరికి విడిపించింది. వెనకాలే చుక్కమ్మ కుంటే పిల్లని ఒంటికి ఆనించుకుని వచ్చింది. పిల్ల వాగులో మూతి పెట్టి గటగటా తాగుతుంటే, గుట్టంత గురవయ్య అటు చూడలేక, మొహం తిప్పుకుని నిలబడ్డాడు.

చాటున పుచ్చుకున్నది తిన్నవాడికి తియ్యగానే ఉంటుంది. చేదంతా వాడి మాట నమ్మినవాళ్లకి.