ఐసు కట్టిన కాలు

కోదండపాణి మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరైనా గట్టి ప్రశ్న వేస్తే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఏదో ఒక చిన్న పని పురమాయించేవారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు అడగమనేవారు. విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం పిల్లలకూ, ఆటగాళ్ల గాయాలు చూడడం నేర్చుకునే అథ్లెటిక్ ట్రైనింగ్ పిల్లలకూ శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పేది ఆయనే. ఆ రెండు డిగ్రీ కోర్సుల్లోనూ ఆయన్ను చాటుగా తిట్టుకోని విద్యార్థి లేడు.

ఒక సాయంత్రం, సన్నగా ముసురు పడుతుండగా, ట్రైనింగ్ కోర్సులో ఆఖరి ఏడాది చదువుతున్న సువర్చల ఆయన గదికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆటగాళ్లే నొప్పి దాచిపెట్టి అబద్ధం చెబితే, ట్రైనర్ చెయ్యగలిగేదేముంది మాస్టారూ?" అని అడిగింది.

ఆమె ఎవరి గురించి అడుగుతోందో మాస్టారికి తెలుసు. పైడితల్లి జీవశాస్త్రం మొదటి ఏడాది పిల్ల. ఎనిమిది వందల మీటర్ల పరుగులో గెలిచి, ఆటల కోటాలో సీటు తెచ్చుకుంది. కొన్నాళ్లుగా ఆమెకు మోకాలి కింద ఎముక నొప్పి పెడుతోంది. పోటీల రోజున ఆమె కాలు చూసే బాధ్యత సువర్చల మీద పడింది. ఆ రోజు శిక్షణ గది సంతలా ఉంది. అలాంటి రోజుల్లో అక్కడ ఒక పద్ధతి నడిచేది. నొప్పి అంటూ వచ్చినవాళ్లందరికీ ముందు ఐసు సంచి కట్టి బెంచీ మీద కూర్చోబెడతారు. పిలిచి పరీక్షించడం ఆ తర్వాత. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, అందరికీ వీలుగా ఉండడంతో అదే శాస్త్రమైపోయింది. సువర్చల కూడా అలాగే పైడితల్లి కాలికి ఐసు కట్టింది. పాపం ఎండనపడి వచ్చిందని ఇంకో సంచి కూడా వేసింది. వంతు వచ్చాక కట్టు విప్పి, ఎముక వెంబడి వేలితో నొక్కి చూసింది. "నొప్పేటీ నేదక్కా" అంది ఆ పిల్ల నవ్వుతూ. సువర్చల సరేనని తలూపింది. ఆమె తలూపాక కోచ్‌కి ఇక అడ్డేముంది? పరుగు ఆఖరి మలుపులో పైడితల్లి కాలు విరిగింది. ఆ చప్పుడు గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు కూడా వినిపించిందట.

ఇప్పుడు మర్నాడు పొద్దున విచారణ. గాయం దాచి పరిగెత్తిందని తేలితే పైడితల్లికి సీటు పోతుంది, దానితోపాటు హాస్టలూ పోతుంది. ట్రైనర్ అజాగ్రత్త అని తేలితే సువర్చలకు ఏడాది పోతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు మునగక తప్పదు. ఆసుపత్రి మంచం మీంచి పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుని, "నాను అబద్దం ఆడనేదక్కా. నువ్వు నొక్కినప్పుడు నిజంగానే నొప్పి నేదు" అని ఏడ్చింది. సువర్చల నమ్మలేదు. నమ్మాలంటే భయం వేసింది. ఆ మాటే నిజమైతే తప్పు వచ్చి తన నెత్తిన కూర్చుంటుంది. అప్పటికే బీట తీసిన ఎముకను నొక్కితే నొప్పి పుట్టకుండా ఎలా ఉంటుందని తనకు తాను వాదించుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చింది.

ఆయన కళ్లజోడు తీశారు. "ల్యాబు ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి ఆ బేసిన్‌లో పొయ్యి. కాసిని నీళ్లు కలిపి ఎడమచెయ్యి అందులో పెట్టు. నేను చెప్పేదాకా తియ్యకు."

సువర్చల చెప్పినట్టే చేసింది. మొదట జివ్వుమంది. తర్వాత మంటెత్తింది. ఆ తర్వాత వేళ్లను ఎవరో లోపల్నించి పీకుతున్నట్టు సలుపు, కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు తలెత్తకుండా పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. క్రమంగా సలుపు తగ్గింది. మరి కాసేపటికి అక్కడ చెయ్యి ఉన్న సంగతే మరుపుకొచ్చింది. ఆ హాయిలో ఆమె రేపు చెప్పవలసిన మాటల్ని లోలోపల వల్లె వేసుకుంది: నేను అడిగాను, లేదంది, నేనేం చెయ్యను.

"చెయ్యి బల్ల మీద పెట్టి, ముఖం కిటికీ వైపు తిప్పు" అన్నారాయన. స్పర్శ పరీక్షకు అలా తిప్పమనడం ఆ చదువులో మామూలే. ఆమె తిప్పింది. బయట తడిసిన మైదానంలో మనిషన్నవాడు లేడు.

"ఏమైనా తెలుస్తోందా?"

"లేదు మాస్టారూ."

"నొప్పి?"

"అస్సలు లేదు."

"సరిగ్గా చూసుకుని చెప్పమ్మా."

"లేదంటున్నాను కదండీ!" అంది సువర్చల విసుగ్గా.

"అయితే ఇటు చూడు."

ఆమె వేలి మీద రక్తపు బొట్టు ఉబ్బి నిలిచింది. పక్కనే స్పిరిట్‌లో ముంచిన దూది, దాని మీద సూది.

"అబద్ధం ఆడావా అమ్మా?" అని అడిగారు మాస్టారు.

సువర్చల ఆ బొట్టు వేలి పక్కనుంచి జారి బల్ల మీద పడేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుర్చీలో కూలబడి, "ఐసు కట్టింది నేనే. ఇంకో సంచి కూడా వేశాను" అంటూ గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు పైడితల్లి కోసమో తన కోసమో ఆమెకే తెలియలేదు. మాస్టారు ఓదార్చలేదు. 

చాలాసేపటికి సువర్చల పమిటతో ముఖం తుడుచుకుంది. "రేపు అందరి ముందూ నేనే చెబుతాను. ఏడాది పోతే పోనీయండి. ఆ పిల్ల సీటు నిలుస్తుంది. కానీ ఇక ఆ కాలితో పరుగు మాట మరిచిపొమ్మని డాక్టరుగారు చెప్పేశారు మాస్టారూ. దాన్ని నేనేం చెయ్యలేను కదా." ఆపైన చిన్నపిల్లలా అడిగింది. "ఉన్నదున్నట్టు చెప్పేస్తే మనసు కాస్తయినా తేలికపడుతుందా?"

ఆయన దూదితో ఆమె వేలిని అదిమి పట్టుకున్నారు.

"ముందు చెయ్యి వెచ్చబడనీ అమ్మా. నొప్పి అప్పుడు కదా మొదలయ్యేది" అన్నారు.