ఏ చెవి ముందు కదులుతుంది

వెంగమ్మ నిమ్మతోటలో ఎవరి పని వాళ్లకుంది. బర్రెకు పాలివ్వడం, పుంజుకు కూయడం, మేకపోతుకు కనబడినదల్లా నమలడం. ఇవి కాక అందరికీ కలిపి ఇంకో పని ఉండేది. కుక్కది ఏ జాతో తేల్చడం.

ఆ కుక్క పేరు బస్తా. బియ్యం బస్తాలో వేసుకొచ్చారు కాబట్టి ఆ పేరు పెట్టారు. వచ్చిన రోజు బస్తాలో ఒక మూలకు సరిపోయాడు. ఏడాది తిరిగేసరికి అదే బస్తాను పరిస్తే తల ఒక్కటే దానిమీద పడుతుంది, మిగతా ఒళ్లంతా నేలమీదే. లేగదూడంత మనిషి. కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు పొడుగు. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. తోక ఊపితే మజ్జిగ ముంత దొర్లుతుంది, ఊపకపోతే ఒంట్లో బాగోలేదేమోనని వెంగమ్మకు బెంగ. ఒకసారి గొలుసుతో కట్టి చూసింది. గుంజతో సహా గుమ్మం ముందుకొచ్చి కూర్చుని, విప్పమన్నట్టు మెడ చాపాడు. మళ్లీ ఎవరూ కట్టలేదు.

పొద్దున సత్తు గిన్నెడు రాగిసంకటి మజ్జిగ పోసి, సాయంత్రం ఇంకో గిన్నెడు, ఆదివారం చేప తలకాయలు. ఎండాకాలం నిమ్మచెట్టు కింద వాడు గుంట తవ్వుకుంటే వెంగమ్మ అందులో బిందెడు నీళ్లు పోసేది. సొంత ఆడబిడ్డ వస్తే కాళ్లకు చెంబెడు నీళ్లివ్వడానికి రెండుసార్లు ఆలోచించే మనిషి ఆవిడ.

"మీ నాన్న ఎవరబ్బీ?" అని పుంజు అప్పటికి నలభైసార్లు అడిగుంటాడు.

"అమ్మ బస్టాండు దగ్గర హోటలు వెనకాల ఉండేది. నాన్న కారులో వచ్చాడంట. కారులోనే పోయాడంట."

"ఏ రంగు కారు?" అన్నాడు మేకపోతు.

"తెల్లదంట."

"తెల్ల కారైతే పెద్ద జాతే."

"చెవి చూస్తే తెలియడంలా?" అన్నాడు పుంజు. "నిక్కిన చెవి పోలీసు కుక్కలది. నేను సంతలో కళ్లారా చూశాను." సంతకు వెళ్లిన మాట నిజమే. కాళ్లు కట్టేసి తలకిందులుగా తీసుకెళ్లారన్న సంగతి మాత్రం పుంజు ఎప్పుడూ చెప్పడు.

"వాలిన చెవి సంగతేంటి మరి? అది వేటకుక్కల చెవి. పేపర్లో వచ్చింది," అన్నాడు మేకపోతు. మేకపోతు పేపర్లు చదవడు, తింటాడు. అయినా అన్ని పేపర్లు తిన్నవాడికి ఎంతోకొంత తెలియకుండా ఉంటుందా అని తోటలో సగం మంది వాడి పక్షమే.

ఇలా తోట రెండు చెవులుగా చీలిపోయింది. ముసలి బర్రె ఒక్కతే ఏ చెవి వైపూ లేదు.

"కాపలా కాస్తున్నాడు గదా," అనేది. "ఇంకేం కావాలి మీకు?"

దానికి ఎవరూ బదులు చెప్పేవాళ్లు కాదు. ఒక్క మాటతో కబుర్లు ముగించేసేవాళ్లతో ఎవరు మాట్లాడతారు.

బస్తా కూడా మొదట్లో నవ్వి ఊరుకునేవాడు. రోజూ వింటూంటే వాడికీ పురుగు తొలిచింది. నీళ్లగుంటలో పడుకుని తన నీడనే చూసుకుంటూ, ఒకసారి ఈ చెవి, ఒకసారి ఆ చెవి కదిపి చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఇంటి చుక్కలపెట్టకు అప్పుడు ఏడు పిల్లలు. ముందు విడత పదకొండూ, ఆ ముందు విడత తొమ్మిదీ కొండమీది నక్క ఎత్తుకుపోయింది. బస్తా రాకముందు మాట అది. ఈసారి కూడా పిల్లలు దక్కకపోతే పెట్టను కూర వండేస్తానని వెంగమ్మ అందరూ వినేలాగే అంది. అందుకని పెట్ట రోజూ మధ్యాహ్నం పిల్లల్ని బస్తా దగ్గరకే తోలేది. అవి వాడిమీదెక్కి రక్తం తాగే పిడుదుల్ని ఏరుకు తినేవి. వెంగమ్మ ఎంత వేపనూనె రాసినా చావని పిడుదులు ఆ ఏడు ముక్కులకు మిగిలేవి కావు. అన్నిట్లోకీ చిన్నది, మెడమీద ఈకలు లేని బోడిమెడ పిల్ల, నేరుగా వాలిన చెవిలోకి దూరి లోపల్నుంచి కీచుకీచుమంటూ పని చేసుకునేది. అది బయటికొచ్చేదాకా బస్తా ఈగ వాలినా తల విదిలించేవాడు కాదు.

ఒక రోజు పొద్దున్నే నక్క వచ్చింది. దొంగచాటుగా కాదు, అందరూ చూస్తుండగానే ముళ్లకంప అవతల వచ్చి కూర్చుంది. బస్తా ఒక్క అరుపు అరిచేసరికి నిమ్మకాయలు నాలుగు రాలాయి.

"అరుచుకో నాయనా, అరుచుకో," అంది నక్క. "వినడానికే వచ్చాను. ఈ గొంతు నేనెక్కడో విన్నాను. ఏ జాతి నువ్వు?"

బస్తా అరుపు ఆపేశాడు.

"రెండు విడతల పిల్లల్ని తిన్నదానితో మనకు మాటలేంటి," అంది చుక్కలపెట్ట. అని, బాగా వినబడేంత దగ్గరకు జరిగింది.

"తిన్నాను వదినా, లేదన్నానా," అంది నక్క. "ఇప్పుడీ కొండంత వాడుండగా కంప దాటగలనా? ఆ రోజులు పోయాయి. కానీ ఒక్క మాట. కుక్కల సంగతి నాకంటే తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నారా? నా బతుకంతా కుక్కలు తరమడంతోనే గడిచింది. వెనక్కి తిరగకుండానే చెప్పేదాన్ని, వచ్చేది ఏ జాతో. అడుగుల చప్పుడు చాలు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే చెప్పు," అన్నాడు పుంజు. "పోలీసు కుక్కే గదా?"

"వేటకుక్క," అన్నాడు మేకపోతు.

"ఊరికే చూసి చెప్పేస్తే మీలో సగంమంది నమ్మరు," అంది నక్క. "పరీక్ష ఉంది. రేపు మధ్యాహ్నం వీడు తోట చివర మోటారు గది గోడకేసి మొహం పెట్టి కూర్చోవాలి. ఇటువైపు వీపు. కాసేపటికి వెనకనుంచి చప్పుడు వస్తుంది. అప్పుడు ఏ చెవి ముందు కదిలితే వీడు ఆ చెవి జాతి. మీరంతా దగ్గర నిలబడి చెవులే చూడండి. రెప్ప వేశారా, తప్పిపోతుంది. మళ్లీ ఏడాదిదాకా ఈ పరీక్ష పనిచేయదు."

"చప్పుడు ఎవరు చేస్తారు?" అంది ముసలి బర్రె.

"ఎవరో ఒకరు చేస్తారు పెద్దమ్మా. లోకంలో చప్పుళ్లకు కొదవా?"

"నేను వెనక్కి తిరిగితే?" అన్నాడు బస్తా.

నక్క జాలిగా చూసింది. "మంచి జాతి కుక్క తిరగదు నాయనా. తిరిగితే ఉత్త వీధికుక్క. కారూ లేదు, నాన్నా లేడు. అంతే." లేచి వెళ్లబోతూ మళ్లీ ఆగింది. "వదినా, పిల్లల్ని మాత్రం తీసుకెళ్లకు. కాళ్లకింద తిరుగుతుంటే వీడికి మనసు నిలవదు. గంప కింద మూసి, పైన రాయి పెట్టు. భద్రంగా ఉంటాయి."

నక్క నోట భద్రం అన్న మాట వచ్చినా ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఏ చెవి గెలుస్తుందోనన్న ధ్యాసలో ఉన్నారు.

"ఇంతకీ అది నీకెందుకు చెబుతోందిరా?" అంది బర్రె ఆ సాయంత్రం బస్తాతో.

"తెలిసినవాళ్లు చెబుతారు గదా అవ్వా."

"తెలిస్తే నీ సంకటి ఇంకో ముద్ద ఎక్కువొస్తుందా?"

"రాదు. కానీ తెలుస్తుంది."

మరునాడు వెంగమ్మ నిమ్మకాయల బుట్టలు ఆటోలో ఎక్కించుకుని మార్కెట్టుకు పోయింది. మధ్యాహ్నం కాగానే చుక్కలపెట్ట ఏడు పిల్లల్నీ గంప కింద పెట్టింది. మేకపోతు కొమ్ములతో రాయిని నెట్టి పైకెక్కించాడు. బోడిమెడ పిల్ల లోపల్నుంచి ఒకటే గోల. పిడుదుల వేళకు గంప ఏంటని దాని బాధ.

"ఒక్క గడియ ఓర్చుకో," అంది తల్లి. "బస్తా మామది ఏ జాతో చూసొస్తాను."

బస్తా గోడకేసి కూర్చున్నాడు. పుంజు నిక్కిన చెవి పక్కన నిలబడ్డాడు, మేకపోతు వాలిన చెవి పక్కన. పెట్ట మధ్యలో నిలబడి రెండూ చూస్తానంది. ముగ్గురూ నోరు మూసుకున్నారు. తోటలో ఆ ముగ్గురూ ఒకేసారి నోరు మూసుకోవడం అదే మొదటిసారి, చివరిసారి కూడా.

నక్క కంపలో సందు చేసుకుని తోటలోకి వచ్చింది. పరుగెత్తలేదు. తనే ఆ ఇంటి యజమాని అన్నట్టు నడిచి గంప దగ్గరకు వెళ్లింది. గుంజకు కట్టేసున్న బర్రె అంతా చూస్తోంది. చూసి, ఒళ్లంతా కూడదీసుకుని రంకె వేసింది.

"అదిగో చప్పుడు," అన్నాడు పుంజు గుసగుసగా. "చూడు, చూడు."

"రెండూ కదిలాయి," అంది పెట్ట.

"నాది ముందు."

"కళ్లు కనబడతాయా నీకు? నాది ముందు," అన్నాడు మేకపోతు. "ఇంకో చప్పుడు రానీ, తేలిపోతుంది."

బర్రె మళ్లీ అరిచింది. వాళ్లు ఇంకా దగ్గరగా వంగి చూశారు. బస్తా గోడకేసే కూర్చున్నాడు. వాడి ఒళ్లంతా వెనక్కి లాగుతోంది. కూర్చున్నచోట పంజాలు మట్టిలోకి దిగిపోయాయి. తిరిగితే వీధికుక్క. ఇంకొక్క నిమిషం ఓపిక పడితే తెలిసిపోతుంది, నాన్న ఎవరో, తనెవరో.

గంప మీది రాయి దొర్లిన చప్పుడు వచ్చింది. అందరూ చెవులే చూస్తున్నారు.

అప్పుడు ఒక చిన్న కీచు వినబడింది. ఏడుగురిలో ఎవరిదైనా పెట్టకే తెలియాలి. కానీ పెట్టకంటే ముందు అది బస్తాకు తెలిసింది. రోజూ మధ్యాహ్నం తన చెవిలోపల వినే గొంతు అది.

బస్తా తిరిగాడు. తిరిగిన ఊపుకు మేకపోతు మోటారు గది గోడకు కొట్టుకున్నాడు, పుంజు నీళ్లు పారే బోదెలో పడ్డాడు.

నక్క బోడిమెడ పిల్లను నోట కరుచుకుని కంపకు సగం దూరంలో ఉంది. వచ్చేవాణ్ని చూసి నోరు దానంతటదే తెరుచుకుంది. పిల్ల కింద పడింది. బస్తా నక్క వెంట పడలేదు. పిల్ల దగ్గర ఆగి, మూతితో ఒకసారి కదిపి చూశాడు. అది లేచి నిలబడి, జరిగిందంతా వాడి తప్పే అన్నట్టు కీచుమంది. అప్పుడు పరుగెత్తాడు.

వాడు ఆగిన ఆ కాస్తలో నక్క కంప దాటిపోవాల్సిందే. దాటేదే, తొందరలో సందు మరిచిపోకుండా ఉంటే. ఇంకోచోట తల దూర్చి ముళ్లలో నడుముదాకా ఇరుక్కుంది. బస్తా వచ్చి తోకమీద కాలు పెట్టాడు. కరవలేదు. కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు. "తరిమాను గదా. అడుగుల చప్పుడు విన్నావు గదా. నేనే జాతి?"

"కాలు తియ్యి, చెబుతాను."

"చెప్పు, తీస్తాను."

పుంజు, మేకపోతు కుంటుకుంటూ అప్పటికే వచ్చి నిలబడ్డారు. అంత జరిగినా ఆ ముక్క వినకుండా ఎలా ఉంటారు.

నక్క ముళ్లలోంచే మాట్లాడింది. ఆ రోజు అది చెప్పిన నిజం అదొక్కటే.

"నన్ను చాలా కుక్కలు తరిమాయి. పోలీసువి, వేటవి, గొర్రెల మందలవి, ఊళ్లోవి. అన్నీ నాకోసమే పరుగెత్తాయి. దారిలో కోడిపిల్ల దగ్గర ఆగి, బతికుందా అని చూసి, ఆ తర్వాత నా వెంట పడ్డవాడు ఒక్కడూ లేడు. నీ జాతి నాకు తెలీదు."

"తెలీదా?"

"తెలీదు."

బస్తా ఆ మాట గురించి ఆలోచనలో పడ్డాడు. ఆలోచించేటప్పుడు కాలు బరువు తగ్గింది. నక్క తోక లాగేసుకుంది. వెంట్రుకలు మాత్రం చాలావరకు బస్తా గోళ్ల కిందే ఉండిపోయాయి.

సాయంత్రం వెంగమ్మ వచ్చి, దొర్లిన గంపా, ఏడు పిల్లలూ, కంపలో బొచ్చూ చూసింది. ఆదివారం కాకపోయినా చేప తలకాయలు వండింది.

బోడి తోకతో తిరిగే నక్కను కొండమీద ఎవరూ అడగకుండా ఉండరు గదా. అడిగినవాళ్లందరికీ అది ఒకటే చెప్పింది. వెంగమ్మ తోటలో సముద్రం అవతలినుంచి తెచ్చిన కుక్క ఉందని, అలాంటిది దేశంలో ఇంకోటి లేదని, దాని చేతిలోంచి ప్రాణాలతో వచ్చింది తనొక్కతేనని. ఉత్త వీధికుక్క పీకిందని చెప్పుకోవడానికి దానికి మొహం చెల్లలేదు. ఆ తర్వాత ఆ తోట ఛాయలకు ఏ నక్కా రాలేదు.

చుక్కలపెట్ట పిల్లలు ఏడూ పెద్దవయ్యాయి. బోడిమెడది ఇప్పుడు చెవిలో పట్టదు, అయినా ప్రయత్నం మానలేదు. పుంజు, మేకపోతు మాత్రం ఇప్పటికీ తెమల్లేదు. ఆఖరి చప్పుడుకు ఏ చెవి ముందు కదిలిందో ఇద్దరూ చూశామనే అంటారు.

"వాడు తిరిగినప్పుడు మీ కళ్లెక్కడున్నాయి?" అని అడుగుతుంది బర్రె.

పక్కవాడి పుట్టుక ఆరా తీసే తీరిక ఉన్నవాళ్లు, ఆ సంగతి చెబుతానని వచ్చినవాడి చూపు ఏ గంపమీదుందో కూడా ఒకసారి చూసుకోవాలి.